జీడి చేతులు, ప్రభువు బల్ల

బైబిలుకు ఎవరు ఏ అర్థం చెప్పినా అన్నీ సమానంగా సరైనవే అనే మాటను నేను మొదట టెక్కలిలో, డిగ్రీ చదువుకునే రోజుల్లో విన్నాను. శనివారాలు విద్యార్థులను కూర్చోబెట్టి ప్రార్థన, బైబిలు పఠనం జరిపించే ఒక లెక్చరరు గారు ఆ మాట అనేవారు. చాలా మర్యాదైన మాట. దానిని అన్నవారితో ఎవరూ పోట్లాడరు. అన్నవారు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. నేను దానిని నోటుపుస్తకంలో రాసుకొని కింద గీత కూడా గీసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఆ మాట అంటే నేను వారి ముఖం చూడను, చేతులు చూస్తాను. ఇంతవరకు ఒక్కరి చేతులూ నల్లగా కనబడలేదు.

చేతులు ఎందుకు చూస్తానో తెలియాలంటే మా అమ్మ చేసిన పని గురించి తెలియాలి.

మాది పలాస నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు. మా వీధిలో ఆడవాళ్లు దాదాపు అందరూ కాశీబుగ్గలోని జీడి బట్టీలకు పనికి వెళ్లేవారు. కాల్చిన జీడి పిక్కను రాతి మీద పెట్టి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, లోపలి పప్పు విరగకుండా తీయడం వారి పని. పిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం కాలుతుంది. అందుకని చేతులకు బూడిద పూసుకొని కూర్చుంటారు. బూడిద మంటను కొంత ఆపుతుంది గాని నలుపును ఆపదు. ఆ నలుపు మురికి కాదు; మురికి అయితే సబ్బుకు పోతుంది. ఇది చర్మంలోకి దిగి, ఆ చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. కొత్త చర్మం వచ్చేవరకు ఇంట్లో కూర్చునే వెసులుబాటు ఎవరికీ లేదు. మా అమ్మ పన్నెండో ఏట బట్టీకి వెళ్లింది. ఆమె అరచేతుల అసలు రంగు ఏదో నాకు తెలియదు. ఆమెకైనా గుర్తుందని నేననుకోను.

అమ్మకు చదవడం రాదు, బైబిలు మాత్రం వచ్చు. మా ఇంట్లో అక్షరం నేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చిన్నప్పటి నుంచి చదివి వినిపించడం నా వంతు. ఒకసారి విన్నది ఆమె మరిచిపోయేది కాదు. నేను తొందరలో ఒక వాక్యం దాటవేస్తే, “మద్దిలో ఒకటి మింగీసినావు, ఎనక్కెల్లు” అనేది.

ఊరి చివర రేకుల షెడ్డు మా మందిరం. ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ బల్ల ఆరాధన. అంటే ప్రభువు భోజనం పేరిట ఒక రొట్టె ముక్క, ఒక గుటక ద్రాక్షరసం. ఆ ముక్క కోసం అమ్మ జ్వరంతో కూడా నడిచి వెళ్లడం నేను చూశాను. పాత అయ్యగారు, అంటే అక్కడ చిరకాలం పాస్టరుగా ఉన్న పెద్దాయన, ఆ నల్లని అరచేతుల్లోనే రొట్టె పెట్టేవారు. ఆయనకు ఆ నలుపు కనిపించలేదని కాదు. దాని గురించి మాట్లాడవలసింది ఏదీ ఉందని ఆయనకు తోచలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన వృద్ధాప్యం వల్ల కూతురి ఊరికి వెళ్లిపోయాక, కొత్త అయ్యగారు వచ్చారు. ముప్పై ఏళ్లు నిండలేదు. ఎక్కడో ఆరు నెలలు శిక్షణ పొందారట. ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి మందిరంలో సిలువ పక్కన, దానికంటే నాలుగు అంగుళాలు ఎత్తులో తగిలించారు. మణికట్టు దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, జేబులో సెంటు చల్లిన రుమాలు. క్యాసెట్లలో విన్న పెద్ద ప్రసంగీకుల గొంతును శ్రమపడి దించుకున్నారు. మేము షెడ్డులో యాభై మందిమి కూడా ఉండేవాళ్లం కాదు; ఆయన మాత్రం మైదానం నిండా జనం ఉన్నట్టు అరిచేవారు. పెళ్లి కాలేదు కనుక రోజుకొక ఇంటివారు వంతు చొప్పున ఆయనకు క్యారేజీ పంపాలని సంఘంలో నిర్ణయించారు.

ఆయన వచ్చిన రెండో నెల, బల్ల ఆరాధన నాడు, కీర్తనల గ్రంథం తెరిచారు. దేవుని కొండ ఎక్కదగినవాడు ఎవడని అడిగి, చేతులు శుద్ధిగాను హృదయం నిర్మలంగాను ఉన్నవాడని జవాబు చెప్పే చోటు అది. ఆయన చేతుల దాకా చదివి పుస్తకం మూసేశారు.

“ఎటువంటి చేతులు? శుద్ధమైన చేతులు! దేవుడు హృదయం మాట ఎత్తకముందే చేతుల మాట ఎత్తాడు. ఎందుకు? ఒక్కసారి మీ చేతులు మీరే చూసుకోండి!”

అందరూ చూసుకున్నారు. మందిరంలో ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు చాపల మీద కూర్చుంటారు. నేను కుడి పక్క ఉన్నాను. ఎడమ పక్క వరుసల్లో అరచేతులు ఒక్కొక్కటిగా చీర మడతల్లోకి వెళ్లిపోవడం నాకు కనబడింది.

రొట్టె పళ్లెం మొదట సంఘ పెద్దకు వెళ్లింది. ఆయన మా అమ్మ పనిచేసే బట్టీలోనే మేస్త్రీ. పిక్క కొట్టడు, కొట్టేవాళ్ల మీద కేకలు వేస్తాడు. పప్పు విరిగితే వేలు చూపించి తిట్టడం తప్ప ఆ చేతులకు వేరే పని లేదు, అందుచేత అవి శుద్ధమైనవి. తరువాత పళ్లెం ఆడవాళ్ల వైపు వచ్చింది. ముందు వరుసలో మా అమ్మ అలవాటుగా చేయి చాపింది. అయ్యగారు ఆ చేతిని చూసి, రుమాలు తీసి మూతి తుడుచుకొని, “శుద్ధి చేసుకొని వచ్చే నెల రండమ్మా” అని పక్కకు కదిలారు. ఆ వరుసలో బట్టీకి వెళ్లని ముసలమ్మలు ఇద్దరికి రొట్టె దొరికింది. అమ్మ చాపిన చేయి కొంతసేపు అలాగే ఉండిపోయింది. తరువాత దానిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకొంది.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అడిగింది.

“ఒరే, ఆ మాట పుస్తకంలో ఉందేటి?”

“ఉందమ్మా.”

“అయితే ఆయన సెప్పింది నిజివేనన్నమాట.”

అప్పటికి నేను టెక్కలిలో రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువుకున్నవాడు తొందరపడి తీర్పు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. “అది ఆయన వ్యాఖ్యానం అమ్మా. ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా అర్థం చేసుకుంటారు. దేని స్థాయిలో అది సరైనదే” అన్నాను.

“బుక్కు బాస ఆపి సెప్పు. ఆయన సెప్పింది తప్పా?”

“తప్పని అనలేం.”

“తప్పు కాకపోతే మరి ఒప్పే గదా.”

అంతటితో ఆమెకు విషయం తేలిపోయింది. పాపం, చదువు లేదు, అంత సూక్ష్మం అందలేదు అనుకొని జాలిపడ్డాను. ఆ దారిలో నడిచిన ఇద్దరిలో తర్కం తెలిసినది ఆమె ఒక్కతే అని అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

మళ్లీ మొదటి ఆదివారానికి ముందురోజు పాసింజరు బండి దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ చేతులకు కొబ్బరినూనె గుడ్డ చుట్టుకొని కూర్చుంది. పక్కింటి పిన్ని నన్ను చూడగానే మొదలుపెట్టింది.

“మీయమ్మకి బుద్ది సెప్పరా! కిరసనాయిలయింది, సింతపండయింది, ఇటిక పొడయింది. ఆకరికి బట్టల సోడా నానబెట్టి అందులో సేతులు ముంచీసి కూకుంది. సెప్తే ఇంతాదేటి? ‘మా వోడు సదువుకున్నోడు, అయ్యగారు సెప్పింది తప్పు కాదన్నాడు’ అంతాది.”

గుడ్డ విప్పి చూశాను. అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి, వేళ్ల సందుల్లో పచ్చి మాంసం కనబడుతోంది. గీతల్లో మాత్రం నలుపు అలాగే ఉంది. “రేపు సూడు, సాలా మట్టుకు పోయింది” అంది అమ్మ, ఏదో పరీక్ష బాగా రాసి వచ్చిన పిల్లలా.

మరునాడు అయ్యగారు ఆ చేతులను వంగి పరిశీలించారు. “ప్రయత్నం బాగుందమ్మా. గీతల్లో ఇంకా ఉంది” అని పళ్లెంతో ముందుకు వెళ్లిపోయారు. ఆ మనిషి కంటికి పుండు కనబడలేదు, మచ్చ కనబడింది.

మధ్యాహ్నం నేను బైబిలు పట్టుకొని ఆయన గదికి వెళ్లాను. మేస్త్రీ కూడా అక్కడే కుర్చీలో ఉన్నాడు. సువార్తల్లో, యేసు శిష్యులు చేతులు కడుక్కోకుండా రొట్టె తిన్నారని మతపెద్దలు తప్పుపట్టిన ఘట్టం తీసి చూపించాను. బయటినుంచి నోట్లోకి వెళ్లేది మనిషిని అపవిత్రం చేయదని, హృదయంలోంచి వచ్చేదే చేస్తుందని యేసు చెప్పిన జవాబు చదివాను. కీర్తనలో ఆయన చదవకుండా మూసేసిన మిగతా సగం కూడా చదివాను. ఆ బల్ల ఎవరిదో ఆయనే చేతుల లెక్క తేల్చేసి ఉండగా మీరు తిరిగి తెరవడం ఏమిటని అడిగాను. ఇంతకంటే తేటగా చెప్పడం నాకు చేతకాదు.

అయ్యగారు చిరునవ్వు నవ్వారు. “మంచిది తమ్ముడూ. అది నీ వ్యాఖ్యానం, ఇది నా వ్యాఖ్యానం. అన్నీ సరైనవేనని అమ్మతో నువ్వే అన్నావట గదా? అమ్మే చెప్పింది.”

మేస్త్రీ పెద్దగా నవ్వాడు. “అయిపోనాది! డిగ్రీ సదువు ఒక్క మాటకే సరి! ఎల్లు బాబూ, ఎల్లి అన్నం తిను.”

నా నోటుపుస్తకంలోని మాటనే నాకు ఎదురుగా నిలబెట్టారు. వారం తిరిగాక టెక్కలిలో లెక్చరరు గారికి ఈ సంగతి మొత్తం చెప్పాను. అమ్మ చేతుల గురించి కూడా చెప్పాను. ఆయన టీ గ్లాసు నెమ్మదిగా తిప్పుతూ విని, “ఆయన దృష్టిలో పవిత్రత ఉంది, మీ దృష్టిలో కరుణ ఉంది. రెండూ కావాలి. రెండింటినీ గౌరవించాలి” అన్నారు. పరిమళం వస్తుందేమో అన్నంత మృదువుగా అన్నారు. పుండ్లు పడిన చేతిని, ఆ పుండుకు కారణమైన మూఢత్వాన్ని ఒకే పీట మీద కూర్చోబెట్టి ఇద్దరికీ టీ పోయగలగడం ఆయనకు వివేకంగా తోచింది. ఆ తరువాతి శనివారం నుంచి నేను వెళ్లలేదు. నేను ఎందుకు మానేశానో ఆయన అడగనూ లేదు. బహుశా నా రాకకూ, రాకపోవడానికీ సమానమైన విలువ ఉండి ఉంటుంది.

బైబిలు చదివేవారికి నిజాయితీగా తేడాలు వస్తాయని నాకు తెలుసు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అనేదానిపై ఇద్దరు మంచి మనుషులు జీవితాంతం వాదించుకోగలరు. నాకు ఈనాటికీ తేలలేదు. అయితే వాక్యంలో సగం మింగి, మిగతా సగంతో ఎదుటివాణ్ణి కొట్టడం వ్యాఖ్యానం కాదు. దానికి ఆ పేరు పెట్టడమే దానికి చేసే మొదటి ఉపకారం. అన్ని అర్థాలూ సమానమే అని మనం ప్రకటించిన రోజున అవి నిజంగా సమానమైపోవు. రొట్టె పళ్లెం ఎవరి చేతిలో ఉంటే వారి అర్థం నెగ్గుతుంది, తక్కిన అర్థాలకు గౌరవం దక్కుతుంది. మా అమ్మకు కావలసింది గౌరవం కాదు, రొట్టె ముక్క.

ఆ తరువాత జరిగినదానిని మా వీధిలో ఇప్పటికీ అమ్మ తెలివితేటలుగా చెప్పుకొంటారు. అది నిజం కాదు. పరీక్షల ముందు సెలవులకు వచ్చి నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను: ఆమె మనసా నమ్మి చేసింది. క్యారేజీ వంతు మాకు వచ్చిన రోజున ఆమె ఉత్త చేతులతో అయ్యగారి గదికి బయలుదేరింది. నేను వెంట వెళ్లాను.

“అయ్యగారూ, ఇయ్యాల మా వొంతు. నాను వొండనేదు.”

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?”

“బానే ఉన్నాను. సేతులే బాగోనేవు. దేవుడి రొట్టె ముట్టుకోడానికి పనికిరాని సేతుల్తో దేవుడి మనిసికి అన్నమెలగ వొండీది? మీకు పాపం సుట్టుకుంతాది గదా.”

“అది వేరు, ఇది వేరు అమ్మా.”

“ఏటి వేరు? సెప్పండి, ఇంతాను.”

ఆమె నిజంగానే వినడానికి నిలబడింది. ఆయన గుమ్మంలో నిలబడి గుండీ సవరించుకున్నారు. ఆరు నెలల వేదాంత శిక్షణలో ఈ పాఠం లేనట్టుంది. అమ్మ దండం పెట్టి వచ్చేసింది.

మరునాటికి ఆ మాట బట్టీలో అందరికీ తెలిసింది. తరువాతి వంతు పక్కింటి పిన్నిది. నీళ్ల కుళాయి దగ్గర ఆమె బిందె దించి చేతులు చూపించింది.

“మరి నా సేతులో? ఇవేటి ఎన్నపూసేటి? నానూ వొండను.”

“ఓలప్పా, మొన్న నువ్వు పెట్టిన కోడికూరలో ఎముక కూడా వొగ్గనేదట గదే ఆయన! అప్పుడు నలుపు కనబడనేదేటి?” అంది ఇంకొకామె.

“కారం గట్టిగేసినాను గదే, కళ్లంట నీల్లు కారిపోయి కనబడి ఉండదు!”

కుళాయి దగ్గర నవ్వులు ఆగలేదు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. వాళ్లకు అది సరదా. ఆమెకు ఇంకా రొట్టె లేదు.

వంట మానేసిన ఆ ముసలమ్మలు పోను, వీధిలో బట్టీకి వెళ్లని ఇల్లాలు ఒక్క మేస్త్రీ భార్యే. నాలుగు రోజులు ఆమె క్యారేజీ పంపింది. ఐదో రోజు పొద్దున్నే వీధి అంతటికీ వినబడేలా మొగుణ్ణి అడిగింది: “ఊరందరి సేతులూ నల్లవి, నాయొక్కటే తెల్లవీ అనీసి ఏడాది పొడుగునా నానొక్కదాన్నే వొండాలేటి మావా? ఇదేటి నాయం? నువ్వు సంగం పెద్దవి గదా, నువ్వెల్లి వొండు!” శుద్ధమైన చేతులు గల మేస్త్రీ సైకిలెక్కి బట్టీకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లు అయ్యగారు అరటిపళ్లు, బన్ను రొట్టెలతో గడిపారు. రోజూ కాశీబుగ్గ హోటలుకు సైకిలు తొక్కారు. మొదటి ఆదివారం వచ్చేసరికి ఆయనకు కీర్తనలోని రెండో సగం కనబడింది. నేను బైబిలు తెరిచి వేలు పెట్టి చూపించినా కనబడనిది, ఖాళీ క్యారేజీలో స్పష్టంగా కనబడింది. ఆకలిని మించిన వేదపండితుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

“చేతులు కాదు ప్రియులారా, హృదయం! మనుషులు పైకి కనిపించేది చూస్తారు, దేవుడు హృదయాన్ని చూస్తాడు!” అదే గొంతు, అదే మైదానం. ఎప్పుడూ తాను చెప్పేది ఇదే అన్నట్టు, మా షెడ్డులో ఎవరికీ జ్ఞాపకశక్తి లేదన్నట్టు అరిచారు. క్షమించమన్న మాట ఒక్కటి లేదు. తరువాత పళ్లెం పట్టుకొని, మేస్త్రీని కూడా దాటి, ముందుగా ఆడవాళ్ల వైపే వచ్చి మా అమ్మ ముందు వంగారు.

అమ్మ చేయి చాపలేదు.

“తీసుకోండమ్మా.”

“ఆగండయ్యగారూ.” ఆమె తల తిప్పి, మగవాళ్ల వరుసల మీదుగా నన్ను వెతికింది. “ఒరే, నిలబడు.”

నిలబడ్డాను. షెడ్డు అంతా నా వైపు తిరిగింది.

“ఈయన ముందు నెలల్లో ఒకటి సెప్పినారు, ఇయ్యాల ఇంకోటి సెప్పినారు. రెండూ ఒప్పు కావు గదా. నా సేతులు అప్పుడెలగున్నాయో ఇప్పుడూ అలగే ఉన్నాయి. ఏది నిజివో తెలీకండా నాను రొట్టె ముట్టుకోను. నువ్వు సదివినావు, నువ్వు సెప్పు. అనలేం గినలేం అనకు.”

“అమ్మా, ఇవన్నీ ఆరాధన అయ్యాక మాట్లాడుకుందాం” అన్నారు అయ్యగారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

వ్యాఖ్యానం, దృష్టి, స్థాయి అనే మాటలన్నీ అలవాటు కొద్దీ ముందుకు వచ్చి నిలబడ్డాయి. వాటిని పక్కకు తోసి, “ముందు సెప్పింది తప్పమ్మా. ఆ రోజూ తప్పే. నీ సేతుల్లో ఏ దోసమూ నేదు” అన్నాను. ఎన్నో ఏళ్ల తరువాత మందిరంలో నా నోట మా ఇంటి యాస వచ్చింది.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో సంతోషం లేదు.

“తప్పని నీకు ముందే తెలుసునా?”

“తెలుసు.”

“తెలిసీ సెప్పనేదు. సోడాలో సేతులు ముంచుకోనిచ్చినావు.”

ఆ తరువాత ఆమె అయ్యగారి వైపు తిరిగి అరచేయి చాపింది. ఊడిన చోట కొత్త చర్మం గులాబి రంగులో ఉంది, దాని మీద అప్పుడే బట్టీ నలుపు దిగుతోంది. ఆయన రొట్టె ముక్క పెట్టారు. ఆమె వెంటనే నోట్లో వేసుకోలేదు. పక్కనున్న పిన్నికీ, ఆ వెనక వరుసలోని చివరి మనిషికీ అందిందో లేదో తిరిగి చూసి, అందరికీ అందాక, అప్పుడు తింది.